నలభై ఒకటో పేరు

"గ్లవ్సు ఏవీ?"

గోవిందసామి అడగడం అది మూడోసారి. రత్నావతి వంటింట్లో కొబ్బరి కోరుతూ తల ఎత్తలేదు.

"నిన్నే, రత్నా. పదింటికి సభ. తొమ్మిదిన్నరకల్లా నేను హాల్లో ఉండాలి. తెల్ల గ్లవ్సు ఏవీ?"

"ఉతికిన బట్టల బుట్టలో ఉన్నాయి."

"ఇస్త్రీ?"

"చెయ్యలేదు."

గోవిందసామి ఫ్రీమేసన్ లాడ్జి అనే మగవాళ్ల సోదర సంఘంలో చేరి ముప్పై ఒక్క ఏళ్లయింది; ఇప్పుడు దానికి సెక్రటరీ. అన్నేళ్లలో ఒక్క నెల కూడా ఆ గ్లవ్సు ముడతలతో గడప దాటలేదు. నీలం అంచు తెల్ల ఏప్రాను, నల్ల కోటు, మెడలో వేసుకునే పట్టీ, అన్నీ చిన్న తోలుపెట్టెలో సర్ది కారులో పెట్టేది రత్నావతే. మూసిన తలుపుల వెనక మగవాళ్లేం చేస్తారో ఆవిడకి తెలీదు, అడగనూ లేదు. ఏ దేవుణ్ని కొలిచేవాడైనా, ఏ ఇంట పుట్టినవాడైనా లోపల అందరూ ఒకే నేల మీద సమానంగా నిలబడతారని, పోయినవాడి కుటుంబాన్ని గాలికి వదిలెయ్యరని ఆయన చెబుతుంటే విని గర్వపడేది. చుట్టాల్లో చెప్పుకుని మరీ గర్వపడేది.

ఆ గర్వం మొన్న గురువారం మధ్యాహ్నం కాస్తా దిగిపోయింది.

ఆ రోజు బోర్డులు రాసే చైనా పెద్దాయన మోటారు సైకిలు మీద వచ్చి, అక్షరాలు సరిచూడమని ఒక కాగితం ఇచ్చి వెళ్లాడు. లాడ్జి పుట్టిన నాటి నుంచి కాలం చేసిన సభ్యుల పేర్లు. టేకు పలక మీద బంగారు రంగులో ఎక్కబోయే పేర్లు. నలభై ఉన్నాయి. ఆఖరిది ఆవిడ మామగారు అప్పలసామి గారిది. ఆ కింద ఇంకొకటి ఉండాలి.

లేదు. తాతబాబు పేరు లేదు.

"మూడు రోజుల నించి అడుగుతున్నాను," అంది రత్నావతి కొబ్బరి చిప్ప పక్కన పెట్టి. "ఆ పేరు ఎవరు తీసేసినారండి?"

"తీసెయ్యడం ఏటి? రూలు అట్లా ఉంది. తాతబాబు మాలాగ పూర్తి మెంబరు కాదు గదా. తలుపు కాపలాకి తీసుకున్నాము. సేవకి వచ్చినవాళ్ల దారి వేరు."

"ఎవరన్నారు ఆ మాట?"

"మొన్నే చెప్పినాను గదా, లాడ్జి మాస్టరు దేవన్ సంతకం పెట్టినాడని. అంతా అయిపోయినాది. ఇంక వదిలెయ్యి."

"ఇరవై మూడేళ్లండి!" రత్నావతి గొంతు లేచింది. "మీరందరూ లోపల చల్లగా కూచుంటే, కత్తి పట్టుకుని బయట నిలబడినాడు. జ్వరమొచ్చినా నిలబడినాడు. హాల్లోకి నీళ్లు వచ్చిన ఏడాది మీ గీత, బైబిలు, గ్రంథసాహిబు మూటకట్టి, నెత్తిన పెట్టుకుని, రొమ్ములోతు నీళ్లలో రోడ్డు దాకా మోసినది ఎవరు? మీరా? మీ మాస్టరా?"

గోవిందసామి చొక్కా గుండీ పెట్టుకుంటూ కిటికీ వంక చూశాడు.

"పొద్దున్నే గొంతు పెంచకు. పక్కింటివాళ్లు వింటారు."

"విననీండి. దహనశాలలో మీరు అన్న మాట అందరూ వినలేదా?"

ఆయన చెయ్యి గుండీ మీదే ఆగిపోయింది.

ఎనిమిది నెలల క్రితం తాతబాబు శవం లోపలికి వెళ్లిపోయి, ఇనప తలుపు పడిన తరవాత, అతని భార్య దేవుడమ్మ నేల మీద కూలబడింది. అప్పుడు ఈ గోవిందసామే, ముప్పై ఏళ్లు బడిలో పిల్లలకి పాఠాలు చెప్పి హెడ్ మాస్టరుగా దిగిన పెద్దమనిషి, వంగి ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నాడు. "తాతబాబు పేరు మా హాలు గోడ మీద బంగారంతో ఉంటాది. నీ మనవలు వచ్చి చదువుకుంటారు. ఇది నా మాట," అన్నాడు. ఆ మాటకి రత్నావతి కళ్లు తుడుచుకుంది. ఇలాంటి మనిషిని కట్టుకున్నానని ఆ ఏడుపులోనూ మురిసింది.

"దేవుడమ్మ ఇయ్యాల వస్తాది," అంది ఇప్పుడు. "ఆ కాగితం రాకముందే నేను ఫోను చేసి పిలిచినాను. కూతురు సుమతి కారులో తీసుకొస్తాది. మీ ఆయన పేరు చూసుకుందువు గాని రా అన్నాను. ఆవిడ వచ్చి గోడంతా వెతుక్కుంటే, నేను ఏ మొహం పెట్టుకుని పక్కన కూచోవాలి?"

"రాకపోవచ్చు."

"ఎందుకు రాదు?"

"వయసు... మోకాళ్ల నొప్పులు..."

ఆ మాట ఏదో తేడాగా తగిలింది. కోపం మీద ఉండి రత్నావతి దాన్ని పట్టించుకోలేదు.

"సరే. మీరు చెప్పకపోతే ఆ దేవన్నే అడుగుతాను. నిన్నగాక మొన్న మాస్టరు కుర్చీ ఎక్కినాడు. తాతబాబు తెరిచిన తలుపులోంచి నడిచి వెళ్లి ఆ కుర్చీలో కూచున్నాడు. ఏ నోటితో కాదన్నాడో ఆ నోటంట వింటాను."

గోవిందసామి అప్పుడు గిరుక్కున తిరిగాడు.

"హాల్లో దేవన్‌తో నువ్వు ఒక్క ముక్క మాట్లాడకూడదు!"

"ఎందుకో?"

"మర్యాద కాదు. ఏటేటా పేర్లు చదివేది సెక్రటరీ పెళ్లాం. చదువు. చక్కగా చదివి వచ్చి కూచో. అంతే నీ పని."

ముడతల గ్లవ్సు జేబులో కుక్కుకుని ఆయన కారు దగ్గరికి వెళ్లిపోయాడు. రత్నావతి చేతులు కడుక్కుంది. కోరిన కొబ్బరి అలాగే ఉండిపోయింది.

దారి పొడుగునా ఇద్దరూ మాట్లాడుకోలేదు. ఫ్యాక్టరీ బస్సు ఒకటి ముందు అడ్డంగా ఆగితే గోవిందసామి హారను గట్టిగా మోగించాడు. ఎప్పుడూ మోగించే మనిషి కాదు.

సుంగై పెటాని ఊళ్లో ఆ హాలుని అక్కడి పాతకాలపు మలయ్ వాళ్లు 'రుమా హంతు' అనేవారు, దయ్యాల ఇల్లని. రబ్బరు తోటల దొరలు కట్టుకున్న సున్నపు భవంతి. కిటికీలన్నీ మూసుకుని, లోపలేం జరుగుతుందో తెలీకుండా ఉండేది కాబట్టి ఆ పేరు. ఏడాదికి ఒక్క రోజు, పోయినవాళ్ల స్మరణ సభ నాడు, తలుపులు బార్లా తెరిచి ఆడవాళ్లని, పిల్లల్ని రానిస్తారు. నలుపు తెలుపు గళ్ల నేల, స్తంభాలు, ఎత్తు కుర్చీ, అన్నీ ఆ ఒక్క రోజే కనిపిస్తాయి.

మెట్ల దగ్గరే పరమేశ్వరి ఎదురైంది. గోవిందసామికి అక్క. డెబ్భై నాలుగేళ్లు. తండ్రి పేరు చూసుకోవాలని తెల్లారకముందే జార్జ్ టౌన్ నుంచి బయల్దేరి వచ్చింది. పట్టుచీర, మెడలో కెంపుల గొలుసు.

"వచ్చినావా రత్నా? పేర్లు నిదానంగా చదువు. నాన్న పేరు ఆఖరున వస్తాది. ఆఖరి పేరే జనానికి గుర్తుంటాది."

"ఆఖరి పేరు మామయ్యగారిది కాదు వదినా."

పరమేశ్వరి నవ్వు కాస్త బిగిసింది. "ఏటి మాటలు పొద్దున్నే? పద, పద," అంటూ తమ్ముడి భుజం పట్టుకుని లోపలికి నడిచింది. వెళుతూ ఆయన చెవిలో ఏదో అంది. ఆయన తల ఊపాడు.

రత్నావతి నేరుగా దేవన్ దగ్గరికి వెళ్లింది.

నలభై అయిదేళ్ల వకీలు, ఈ ఏడు లాడ్జికి పెద్ద. బోర్డు మీద ఆకుపచ్చ గుడ్డ సరిగ్గా వేలాడుతోందా లేదా అని కుర్చీ ఎక్కి సర్దుతున్నాడు. ఆవిడని చూసి దిగి, చేతులు జోడించాడు. అతను తమిళుడు, ఆవిడతో తమిళంలోనే మాట్లాడతాడు.

"ఆంటీ, వాంగ, రండి! పేర్ల కాగితం ఇవ్వనా?"

"దేవన్, నిన్ను ఒకటి అడగాలి. తాతబాబు చేసిన పాపం ఏమిటి?"

అతను తెల్లబోయాడు. "ఏ పాపం ఆంటీ?"

"పూర్తి మెంబరు కాదని పేరు వద్దన్నావటగా. తలుపు కాయడానికి పనికొచ్చినవాడు గోడ మీదకి పనికిరాలేదా? మీ నాన్నగారు పోయినప్పుడు పాడె మోసిన నలుగురిలో ఒకడు తాతబాబు. గుర్తుందా?"

"గుర్తుంది ఆంటీ. ముందు కుడి పక్క ఆయనే." దేవన్ గొంతు తగ్గింది. "నేను వద్దనలేదు. సత్తియమా చెబుతున్నాను. జాబితా అంకుల్ ఇచ్చారు. చూడగానే నేనే అడిగాను, తాతబాబు గారి పేరు ఏదీ అని."

"అడిగినావా?"

"అడిగాను. తలుపు కాసినవాళ్లని రాయకూడదని రూలేమీ లేదు. తొమ్మిదో పేరు చూడండి, దొరల కాలంలో తలుపు కాసిన ఆయనదే. తాతబాబు గారి కుటుంబానికి ఇష్టం లేదని అంకుల్ అన్నారు. బహిరంగంగా పేరు పెట్టొద్దని ఆ అమ్మ ఏడ్చిందట. ఇక మేమెలా రాస్తాం? ఆ మాట మీదే సంతకం పెట్టాను."

రత్నావతి పక్కనున్న కుర్చీ వీపు పట్టుకుంది.

"ఆంటీ? కూచుంటారా? నీళ్లు తెప్పించనా?"

"వద్దు నాయనా. కాగితం ఇయ్యి."

పేర్ల కాగితం అందుకుని ఆవిడ హాలు పక్కనున్న చిన్న గదిలోకి వెళ్లింది. సభ్యులు కోట్లు మార్చుకునే గది. గోవిందసామి అద్దం ముందు నిలబడి మెడలో పట్టీ సర్దుకుంటున్నాడు. ఇంకెవరూ లేరు. ఆవిడ తలుపు దగ్గరగా వేసింది.

"దేవుడమ్మ ఎప్పుడు ఏడ్చినాది?"

అద్దంలో ఆయన ముఖం మారిపోయింది.

"చెప్పొద్దన్నానా నీకు, దేవన్‌తో మాట్లాడొద్దని?"

"పేరు వద్దని ఆవిడ ఎప్పుడు ఏడ్చినాది? ఎవరి దగ్గర? ఆవిడ నోట్లో లేని మాట పెట్టినారే! మొగుణ్ని పోగొట్టుకున్న మనిషి నోట్లో! ఏ చెయ్యి పట్టుకుని మాట ఇచ్చినారో, ఆ మనిషి మీదకే నెట్టేసినారు!"

"నెమ్మదిగా మాట్లాడు."

"మాట్లాడను. మూడు రోజులుగా ఆ దేవన్‌ని తిట్టని తిట్టు లేదు నేను. మీ ముందే తిట్టినాను. మీరు అన్నం తింటూ విన్నారు. 'అతను కాదే, నేనే' అని ఒక్కసారి నోట రాలేదు మీకు!"

గోవిందసామి బెంచీ మీద కూలబడినట్టు కూచున్నాడు.

"అక్క ఫోను చేసింది," అన్నాడు. "పోయిన తారీకుల వరసలో నాన్న తరవాత తాతబాబే. కిందే, ఆనుకుని. 'నాన్న పేరు కింద రబ్బరు పాలు తీసినోడి పేరా?' అన్నాది. నాన్న అప్పటి రబ్బరు తోటలో కిరాణి, హాజరు రాసే గుమస్తా. తాతబాబు నాయన రోజూ తెల్లారగట్ల మా నాన్న ముందు చేతులు కట్టుకుని నిలబడి, పేరు పిలిస్తే 'ఉన్నానయ్యా' అన్న మనిషి. ఇద్దరి ఇళ్ల పేర్లూ ఒకే పలక మీద పక్కపక్కన ఉంటే... మనవాళ్లు ఏటనుకుంటారు?"

"ఏ మనవాళ్లు?"

"చుట్టాలు."

"ఈ హాలు గురించి మీరు నాకు చెప్పిన నీతులన్నీ ఏమైనాయి? ఇక్కడ ఎక్కువ తక్కువలు లేవన్నారే?"

"లోపల లేవు." ఆయన పట్టీ మళ్లీ సర్దుకున్నాడు. "బోర్డు అందరూ చూస్తారు కదా."

రత్నావతికి ఒళ్లు మండిపోయింది. ఆ మంటలోనే, పిలవకుండా, తన వంటింటి వెనక బల్ల కూడా కళ్ల ముందుకి వచ్చింది. ఏటా దీపావళికి దేవుడమ్మ డబ్బా నిండా మురుకులు పట్టుకుని వచ్చేది. ఆ వెనక బల్ల మీదే కూచోబెట్టి అన్నం పెట్టేది తను. ముందు గదిలో కూచోమని ఒక్క ఏడాదీ అనలేదు. ఆవిడ తనకన్నా పెద్దది. అయినా 'దేవుడమ్మా' అని పేరు పెట్టే పిలిచింది. ఈయన ఒక్కడినే నిలదీసే అర్హత తనకి ఉందా? ఆ ఆలోచనతో ఆవిడ కోపం తగ్గాల్సింది. తగ్గలేదు. రెండింతలయింది.

"ఇప్పుడే వెళ్లి దేవన్‌తో నిజం చెప్పండి."

"ఇప్పుడా? బోర్డు రాసేసినారు. అంతమంది కూచుని ఉన్నారు. తరవాత చూద్దాం."

"తరవాత అంటే?"

గంట మోగింది. గోవిందసామి లేచి, ముడతల గ్లవ్సు తొడుక్కుని, ఆవిడ వంక చూడకుండా బయటికి నడిచాడు.

హాలు నిండింది. ఎనభై మంది ఉంటారు. పరమేశ్వరి ముందు వరసలో, నడిమధ్య. ఆమె పక్కనే రత్నావతికి కుర్చీ ఉంచారు. రత్నావతి అక్కడికి వెళ్లలేదు. గుమ్మం వైపు చూస్తూ నిలబడింది.

వాళ్లు వచ్చారు.

దేవుడమ్మ బూడిద రంగు చీరలో, కూతురి మోచెయ్యి పట్టుకుని ఒక్కొక్క మెట్టూ ఎక్కింది. సుమతి ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో సరుకు తనిఖీ చేసే ఉద్యోగి. సెలవు పెట్టి వచ్చినట్టుంది. రత్నావతి ఎదురెళ్లింది. ఏం చెప్పాలో, ఎలా చెప్పాలో తోచక చేతులు పట్టుకుంది.

"వచ్చినావా?"

"వచ్చినానమ్మా. పిలిసినారు గదా."

"నీకొక మాట చెప్పాలి..."

"తరవాత సెప్పుదువు గాని. ముందు కూకుందారి. కాళ్లు లాగేత్తన్నాయి."

సుమతి నవ్వలేదు. పలకరించనూ లేదు. తల్లిని వెనక నుంచి మూడో వరసలో కూచోబెట్టి, తనూ కూచుంది.

దేవన్ లేచి నాలుగు మాటలు మాట్లాడాడు. ఆకుపచ్చ గుడ్డ లాగాడు. పలక మీద బంగారు అక్షరాలు తళుక్కుమన్నాయి. అందరూ చప్పట్లు కొట్టారు. రత్నావతి మాత్రం వెనక వరస చూసింది. సుమతికి ఇంగ్లీషు బాగా వచ్చు. అయినా ఆ పిల్ల బోర్డు వైపు కళ్లెత్తలేదు. ఒడిలో చేతులు పెట్టుకుని, ఎత్తు కుర్చీ పక్కన కూచున్న గోవిందసామినే చూస్తోంది. ఎందుకో రత్నావతికి అర్థం కాలేదు.

"ఇప్పుడు శ్రీమతి రత్నావతి పేర్లు చదువుతారు," అన్నాడు దేవన్.

ఆవిడ ముందుకి వెళ్లింది. పేరు చదవగానే ఆ కుటుంబం లేచి నిలబడుతుంది; సభ్యులంతా కుడిచెయ్యి గుండె మీద పెట్టుకుంటారు. అదీ పద్ధతి. మొదట దొరల పేర్లు. వాళ్ల తరఫున లేచేవాళ్లు ఎవరూ లేరు. తరవాత చైనా పేర్లు, తమిళ పేర్లు, ఒక సర్దారు పేరు. కోడళ్లు లేచారు, మనవలు లేచారు. ఒక ముసలావిడ లేవలేక కుర్చీలోంచే చెయ్యి ఎత్తింది.

"అప్పలసామి," అని చదివింది నలభయ్యోది.

పరమేశ్వరి లేచి నిలబడి, నాలుగు వైపులా చూసి, కూచుంది. అందరూ చేతులు దించుకున్నారు. దేవన్ మైకు కోసం చెయ్యి చాపాడు.

రత్నావతి మైకు వదల్లేదు.

"తాతబాబు," అంది. "ఇరవై మూడేళ్లు ఈ తలుపు కాసినవాడు."

దేవన్ చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"రత్నా!" పరమేశ్వరి గొంతు ముందు వరసలోంచి బుసకొట్టింది. "ఏటిది? నాన్న సభలో ఏటీ గోల?"

"ఆ పేరు వద్దని వాళ్ల కుటుంబం అనలేదు," అంది రత్నావతి మలయ్ భాషలో, అందరికీ అర్థమయ్యేలా. "అన్నారని చెప్పినది అబద్ధం. ఆ అబద్ధం మా ఇంట్లోంచి వచ్చింది."

ఎనభై తలలు ఒక్కసారి గోవిందసామి వైపు తిరిగాయి.

పళ్ల డాక్టరుగా చేసి మానేసిన తాన్ అనే పెద్దాయన మొదట లేచాడు. ఎనభై దాటిన మనిషి. కుడిచెయ్యి గుండె మీద పెట్టుకున్నాడు. అతని వెనక ఒక సర్దారు సభ్యుడు లేచాడు. దేవన్ లేచాడు. ఇంకొందరు లేచారు. కొందరు పక్కవాళ్ల ముఖాలు చూస్తూ కూచునే ఉన్నారు. కుటుంబం తరఫున సుమతి నిలబడింది.

దేవుడమ్మ నిలబడలేదు.

లేచేవాళ్లందరూ లేచాక, అప్పుడు లేచింది. కూతురి చెయ్యి వద్దంది. గళ్ల నేల మీద ఒక్కొక్క అడుగూ వేసుకుంటూ ముందుకి వచ్చింది. బోర్డు వంక చూడలేదు.

"అమ్మా, నువ్వు సదివినావు. నీ కడుపు సల్లగుండ," అంది రత్నావతితో. "కానీ నాను పేరు కోసం రానేదు. పేరు నేదని నాకు ముందే తెలుసు."

"ఎవరు చెప్పినారు?"

"సిన్నయ్యగారే." ఆవిడ గోవిందసామి వైపు తల తిప్పింది. గొంతులో కోపం లేదు, జరిగింది జరిగినట్టు చెబుతోంది. "సుక్కురోరం ఫోను సేసినారు. బోర్డు మీద పేరు నేదు, వొత్తే నొచ్చుకుంటారు, రాకండి అన్నారు. ఆ సంగతి నీకు సెప్పొద్దన్నారు. మా గుంట ఎల్లొద్దే అమ్మా అని ఒకటే ఏడుపు. నానే ఎల్దారి పదన్నాను."

రత్నావతి భర్త వైపు చూసింది. 'రాకపోవచ్చు' అన్న ఆ పొద్దుటి మాటకి అర్థం ఇదన్నమాట. పేరు తీసేసింది చాలక, మనిషినీ రాకుండా చెయ్యబోయాడు. ముప్పై ఎనిమిదేళ్లు ఒకే కంచం ముందు కూచున్న ఆ ముఖం ఎవరిదో అన్నట్టు కనిపించింది.

దేవుడమ్మ గోవిందసామి ముందుకి వెళ్లి నిలబడింది. ఆయన లేచాడు. లేవకుండా ఉండలేకపోయాడు.

"ఒక్కటే అడుగుతాను, సిన్నయ్యగారు. మీటింగునించి ఇంటికొచ్చిన రోజు మా ఆయన మొకం ఎలిగిపోయీది. 'ఏటి సంగతి' అంటే, 'తలుపుకాడ సిన్నయ్యగారు నన్ను పేరెట్టి పిలవరే, వరసెట్టి పిలుత్తారు' అనీవోడు. నాను నమ్మీదాన్ని కాదు. పెద్దింటోళ్లు మనకి వరసెట్టడం ఏటి, పిచ్చి మావా అని నవ్వీదాన్ని. ఆయన పోయీముందు కూడా అదే సెప్పినాడు. అబద్దమాడీ మడిసి కాదు. అందుకే మీ నోటంట ఇందారని వచ్చినాను." ఆవిడ ఆగి ఊపిరి తీసుకుంది. "మా ఆయన మీకు ఏటవుతాడు?"

గోవిందసామి గొంతు సవరించుకున్నాడు.

"బ్రదర్," అన్నాడు, లాడ్జిలో అందరూ ఒకరినొకరు పిలుచుకునే మాట.

"ఆ ఇంగిలీసు మాట నానూ ఎరుగుదును. ఆసుపత్రిలో నర్సు పిల్లడినీ అలాగే పిలుత్తారు." దేవుడమ్మ తల అడ్డంగా ఊపింది. "మన మాటలో సెప్పండి."

తాతబాబు గోవిందసామి కన్నా నాలుగేళ్లు పెద్ద. వాళ్ల మాటలో ఆ వరసకి ఉన్నది ఒక్కటే పలుకు. అన్న. పసిపిల్లవాడు పలకగలిగే మాట. తెలుగు తెలియని తాన్, సర్దారు కూడా ఏదో పెద్ద సంగతి జరుగుతోందని అర్థమై కదలకుండా నిలబడ్డారు.

ముందు వరసలో పరమేశ్వరి లేచింది. కుర్చీ వెనక్కి తోసుకున్న చప్పుడు హాలంతా వినిపించింది.

"గోవిందా," అంది. గొంతు పెద్దగా లేదు. "ఆ మాట గనక అన్నావంటే, నాకు తమ్ముడు లేడనుకుంటాను."

గోవిందసామి అక్క వైపు చూశాడు. దేవుడమ్మ వైపు చూశాడు. ఆఖరికి, ఎప్పుడు ఏ సభలో మాట తడబడినా చూసినట్టే, రత్నావతి వైపు చూశాడు. అలాంటప్పుడు ఆవిడ ఏదో ఒక మాట అందించి గట్టెక్కించేది. ఇవాళ మైకు బల్ల మీద పెట్టేసి, నాలుగడుగులు వేసి, దేవుడమ్మ పక్కన నిలబడింది.

"చెప్పండి," అంది. "నేనూ వినాలి."

గోవిందసామి పెదవులు కదిలాయి.